మడపాయలో ఆయ్ అనకూడదు

డిసెంబరు 4, 2001

కెమెరా నా చేతికొచ్చింది. మరిదిగారు మస్కట్‌లో కొనుక్కున్నది. ఆయనకి రెండు నెలల సెలవు, ఫిబ్రవరి మూడున తిరుగు ప్రయాణం. అంతవరకూ నన్ను వాడుకోమన్నారు. "తిని పడుకోవడం తప్ప ఇక్కడ నాకు పనేవుందండి వదినగారూ, మీ దగ్గరే ఉంచండి." మా చెల్లి చిన్ని తన మొగుడి వంక చూసింది, నా వంక చూసింది. "అక్కా, అది కుట్టుమిషను కాదు. తొక్కితే నడవదు."

రీలు జరపడానికి చేత్తో తిప్పుకునే మీట. పొడుగు లెన్సు ఒకటి. మెళ్ళో వేసుకుంటే నిండు చెంబు వేలాడేసినట్టుంది.

నాకు కావలసిన ఫొటో ఒక్కటే. మొన్న కార్తీక పౌర్ణమికి గోదారి పాయలో దీపం వదిలి తలెత్తాను — అవతలి ఒడ్డున నీటికుక్కలు. తల్లి, వెనకాల మూడు పిల్లలు. తొమ్మిదేళ్ళప్పుడు నాన్నగారి పడవలో కూర్చుని చూశాను. మళ్ళీ ఇప్పుడే. ఎవరూ నమ్మలేదు. రొయ్యల చెరువులు వచ్చాక కాట్రేనికోన చుట్టుపక్కల అవి లేనే లేవట. పైగా నా కుడికంట్లో శుక్లం. "నీ శుక్లమే ఈదుకుంటూ పోయిందక్కా" — చిన్ని.

ఎడమకన్ను బాగుంది. కెమెరాకి ఒక కన్ను చాలు.

డిసెంబరు 6

గంగరాజు ఒప్పుకున్నాడు. తెల్లారేసరికి వలలు చూసుకోవడానికి మడ అడవిలోకి ఎలాగూ వెళ్తాడు. నావలో ముందువైపు నాకు. అతని కూతుళ్ళిద్దరి బట్టలూ కుట్టేది నేనే, అందుకని మొహమాటం.

"అవి ఎళ్ళిపోయి పదేళ్ళయిందండి అమ్మగారూ. అయినా తీసుకెళ్తానండి."

నమ్మడు. తీసుకెళ్తాడు. అది చాలు.

డిసెంబరు 8

మొదటి రోజు. మంచు. పాయ ఏదో ఒడ్డు ఏదో తెలియలేదు. లెన్సు మీద ఆవిరి — తుడిచిన కొద్దీ పట్టింది. నావ ఊగుతుంటే కెమెరా ఊగుతోంది, కెమెరా ఊగుతుంటే చెట్లు ఊగుతున్నాయి. లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీద, ఎంత నీలం! తీశాను. తలెత్తి చూస్తే కొమ్మ ఖాళీ — పిట్ట ఎగిరాక తీశాను.

నవ్వొచ్చింది. గంగరాజు కూడా నవ్వాడు, తల అటు తిప్పుకుని.

డిసెంబరు 9

మిషను ముందు కూర్చున్నాను. ఊరివాళ్ళ జాకెట్లు పక్కన పెట్టి, నా కుట్టు.

దిండంత సంచి — లోపల ఊక. నావ అంచు మీద వేసి దాని మీద లెన్సు ఆనిస్తే కదలదు. కెమెరాకి ప్లాస్టిక్ తొడుగు. చేతులు దూర్చడానికి రెండు కన్నాలు, వాటికి ఎలాస్టిక్ — చంటిపిల్లల గౌనుకి వేసేదే. నాలుగు గోనెసంచులు విప్పి, కలిపి కుట్టి, నా మీద కప్పుకోవడానికి ముసుగు. కళ్ళకి చిన్న కిటికీ.

చిన్ని చూసి: "నువ్వు ఎరువుల బస్తాలా ఉన్నావు."

"దేవుడికి తెలుస్తుందిలే నేనని."

డిసెంబరు 12

ఈ రోజు రాయక తప్పదు.

పాయ మలుపులో మంచు పలచబడింది. బురద ఒడ్డున కొంగలు. వంద ఉంటాయి, లెక్కపెట్టలేదు. తెల్లగా, ఒంటికాలి మీద, ఇంకా నిద్రలోనే. వాటి వెనక నీళ్ళల్లో ఒక చార. చార ముందు నల్లని గుండ్రటి తల. ముసుగులోంచే, పెదవి కదపకుండా అన్నాను — "గంగరాజూ, ఆపు."

"ఆయ్!"

అంత వినయంగా, అంత గట్టిగా.

కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. ఆకాశం దులిపినట్టయింది. తల మునిగిపోయింది. చార కలిసిపోయింది.

అతనికేం అర్థం కాలేదు. "ఆపేనండి అమ్మగారూ. ఆపమన్నారు కదండీ."

లేచిన కొంగల్ని తీశాను. కోపం రాలేదు. రెక్కల చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది, బాగుంది.

డిసెంబరు 13

గంగరాజుతో ఒప్పందం. ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి చెప్పాను. పాయలోకి వెళ్ళాక మాట వద్దు. ముఖ్యంగా ఆయ్ వద్దు.

"ఆయ్."

"అదే వద్దన్నాను."

"ఆయ్... తప్పండి. చిన్నప్పట్నించీ అలవాటండి. మా అయ్య పిలిస్తే పలక్కపోతే ఈపు వాచిపోయేదండి."

చిన్ని గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "గోదారి జిల్లాలో పుట్టి ఆయ్ అనొద్దంటే ఎలాగే అక్కా, ఊపిరి తియ్యొద్దన్నట్టు."

చివరికి ఇలా కుదిరింది. వేలి కణుపుతో నావ చెక్క మీద చప్పుడు. నేను ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే పద. అతనూ అలాగే జవాబు కొడతాడు.

డిసెంబరు 14

నేను రెండు కొట్టాను. గంగరాజు రెండు కొట్టాడు. కాస్త ఆగి, ఇంకొకటి మెల్లిగా కొట్టాడు.

ఒడ్డుకొచ్చాక అడిగాను, ఆ మూడోది ఏమిటని.

"అది 'అండీ' అండి."

డిసెంబరు 17

ధనుర్మాసం. నాలుగింటికి స్నానం, దీపం, తర్వాత నావ. చలికి వేళ్ళు సూది పట్టలేనట్టు బిగుసుకుంటున్నాయి. ముసుగులో కూర్చుని జపం. మాల పట్టుకుంటే కెమెరా పట్టుకోలేను కాబట్టి వేళ్ళ కణుపుల మీద లెక్క. గడియారం చూడను. ఇన్ని మాలలు కూర్చున్నాను అనుకుంటాను. ఇవాళ ఎనిమిది.

పీతలకి వెళ్తున్న ఆడవాళ్ళు ముగ్గురు ఒడ్డున ఆగారు. గోనెసంచి గొణుగుతుండడం విని ఒకావిడ — "ఒసే, బస్తా దణ్ణం పెడతందే!" ఇంకొకావిడ నిజంగానే చేతులు జోడించింది.

నవ్వు ఆపుకోలేక ఆ మాల మళ్ళీ మొదట్నించి.

డిసెంబరు 18

ఏమీ రాలేదు. ఎంత బాగుందో.

డిసెంబరు 23

వచ్చాయి.

మంచులో. మూడు... కాదు, నాలుగు. ఒడ్డు మీద చేప తింటూ. ఎముకలు పటపట నమలడం వినిపించింది, రూపం మాత్రం నీడలా. ఎనిమిది తీశాను. ఊకసంచి మీద లెన్సు కదల్లేదు. రీలు అయిపోయింది.

గంగరాజు ఆ పూట రాలేదు. ఒంట్లో బాగాలేక నావ వాళ్ళ తమ్ముడికిచ్చి పంపాడు. అతను నన్ను దించి, వల చూసుకోవడానికి పాయ లోపలికి పోయాడు. చూసింది మళ్ళీ నేనొక్కదాన్నే.

అమలాపురం వెళ్ళి అబ్బులుకి రీలు ఇచ్చి వచ్చాను. అతనిది పెళ్ళిళ్ళ ఫొటోలు తీసే స్టూడియో, రీళ్ళు రాజమండ్రి పంపి కడిగిస్తాడు.

డిసెంబరు 29

అబ్బులు కవరు ఇచ్చాడు. కొంగలున్నాయి. ఖాళీ కొమ్మ ఉంది. నీటికుక్కలు లేవు.

"ఆఖరి ఎనిమిదీ ఏవయ్యాయి అబ్బులూ?"

"పాడైపోయినయ్యండి అమ్మగారూ. అంతా పొగే. పెళ్ళి రీలైతే మాత్రం అలాటియ్యి ఏత్తావాండీ? మీకెందుకండీ దండగని కాయితం మీద ఏయించలేదండి."

నా మంచి కోసమే చేశాడు. తిట్టలేను. "ఆ పొగే నాకు కావాలి నాయనా. ఇకమీదట నా రీలు వస్తే పాడైనవి కూడా వేయించు. అన్నీ."

నా ముఖం కేసి జాలిగా చూశాడు. "ఆయ్, అలాగేనండి."

జనవరి 4, 2002

ఆ ఎనిమిదీ వచ్చాయి. బల్ల మీద పరిచాను.

బూడిద రంగు. ఒకదాంట్లో మాత్రం నాలుగు నల్లటి మచ్చలు. నాకు తెలుసు అవేమిటో. చిన్ని వెలుతురులో పెట్టి, తిప్పి, తలకిందులు చేసి — "చింతకాయలు." మరిదిగారు కళ్ళజోడు సవరించుకుని, "ఏదో ఉందండి వదినగారూ. ఉందంటే ఉందండి." ఆయన మర్యాదకి దణ్ణం.

గంగరాజుకి చూపించాను. చాలాసేపు చూశాడు. "మంచు బా పడిందండి" అన్నాడు.

ఇంకా నెల ఉంది.

జనవరి 9

నీరు లాగేసినప్పుడు దిగి నడవాలనుకోవడం నా తప్పు. మోకాలి దాకా బురద. ఒక అడుగు తీస్తే ఇంకో అడుగు దిగబడుతోంది. కెమెరా రెండు చేతులతో నెత్తి మీదికెత్తి నిలబడిపోయాను, జాతరలో అమ్మవారి గరగ ఎత్తినట్టు. గంగరాజు నావ తోసే గెడ అందిస్తున్నాడు, పట్టుకోవడానికి నాకు చెయ్యేదీ? మాటొద్దన్నాను కదా — పాపం, నోరు తెరుస్తాడు, మూస్తాడు.

"మాట్లాడవయ్యా!" అన్నాను.

"కెమేరా నాకిచ్చి గెడ పట్టుకోండి అమ్మగారూ!"

చెప్పులు పాయకే వదిలేశాను. ఆ బురదలో నిలబడ్డప్పుడే చూశాను. నా కాళ్ళ చుట్టూ చిన్న చిన్న ఎర్రపీతలు, ఒక చెయ్యి చిన్నది, ఒకటి పెద్దది, పెద్ద చెయ్యి ఊపుతూ. వందల కొద్దీ. రమ్మంటున్నట్టు. నావ ఎక్కాక వాటిని తీశాను. పన్నెండు ఫొటోలు. మరీ ఎక్కువే. ఆగలేకపోయాను.

జనవరి 12

పండగ కుట్లు. మూడు రోజులుగా పాయ లేదు. హుక్కులు, కాజాలు, హుక్కులు.

జనవరి 19

అకాలపు వాన. కెమెరాకి తేమ పడితే లెన్సులో బూజు వస్తుందని మరిదిగారి బెంగ. గుడ్డలో చుట్టి బియ్యం డ్రమ్ములో పాతిపెట్టాను. పొద్దున చిన్ని బియ్యం కోసం డబ్బా ముంచి కేక పెట్టింది.

"మస్కట్ నించి వచ్చింది అత్తెసరులోకా?"

వాన వెలిశాక ఆకాశం ఎంత కడిగినట్టుందో. మడ ఆకులన్నిటి మీదా ఒక్కో చుక్క. ఒక్క ఆకు తీశాను. చాలనుకున్నాను.

జనవరి 24

ఆఖరి రీలు. ఇంక కొనను. నియమం పెట్టుకున్నాను. రీలు ఎక్కించేటప్పుడు చీకటి మూలకి వెళ్ళి, మొదట్లో వెలుతురు తగిలి పోయే ముక్కని ఎంత తగ్గించగలనో అంత తగ్గించాను. బట్ట కత్తిరించే చెయ్యి కదా. జానెడు గుడ్డలో జాకెట్టు చేతులు తీసిన రోజులున్నాయి. ముప్ఫయ్ ఆరు రావాలి. ఇంకొకటి మిగిల్తే మిగలొచ్చు.

జనవరి 27

గంగరాజు నావ ఒడ్డుకి చేర్చి, నాకు చెక్క మీద ఒకటి కొట్టాడు. వేలితో చూపించాడు. మెత్తటి బురద మీద అడుగులు — అయిదేసి వేళ్ళు, మధ్యన తోక ఈడ్చిన గీత. పక్కన పొలుసులు, ఒక చేప తల.

వంగి చూశాడు. వేళ్ళు లెక్కపెట్టాడు. నా ముఖం చూశాడు. నోటి మీద వేలు పెట్టుకున్నాడు. నియమం అతనిదే ఇప్పుడు.

ఊరి ఒడ్డుకొచ్చాక అన్నాడు, "కుక్కవైతే గోళ్ళు గుచ్చుకుంటాయండి. ఇయ్యి..." ఆగిపోయాడు.

"నమ్మేవా?"

"కంటితో చూత్తేనండి అమ్మగారూ."

పోనీలే. అడుగుల దాకా వచ్చాడు.

జనవరి 30

చిన్ని, మరిదిగారు మురమళ్ళ వెళ్ళారు, స్వామికి కల్యాణం చేయించుకోడానికి. ప్రయాణం ముందు చేయించుకోవాలని ఎప్పట్నించో. నన్నూ రమ్మన్నారు. వీరేశ్వరుడికి ఇంట్లోంచే దణ్ణం పెట్టుకుని, క్షమించమని, పాయకి పోయాను. కెమెరా నా దగ్గరుండేది ఇంక నాలుగు రోజులే.

పౌర్ణమి వెళ్ళి రెండు రోజులు. నీరు సాయంత్రానికి బాగా లాగింది. మధ్యాహ్నం నించి ముసుగులో. దోమలు. ఊకసంచి తడిసి మొలకెత్తుతుందేమో అనిపించింది. ఆరు మాలలు. గరుడపక్షి నెత్తిమీదుగా — తీశాను. ఏడు. పడమటి వెలుగు మడ వేళ్ళ మీద పడి వేళ్ళన్నీ రాగి తీగల్లా... తీశాను. మళ్ళీ తీశాను. ఆ రంగు చూసి ఆశ ఆపుకోలేకపోయాను. అంకె చూస్తే ముప్ఫయ్ ఆరు.

అయిపోయింది. అనుకున్నంత బాధ లేదు. మంచి వెలుగు చూశాను, మంచి గాలి పీల్చాను. ముసుగు తీసేశాను. గంగరాజు నాకు వీపు చేసి, నావ వెనక అంచున వంగి, బురదలో దిగిన గెడ లాగుతున్నాడు. రోజు ముగిసింది కాబట్టి మామూలుగానే అడిగాడు.

"ఎళ్దావాండీ అమ్మగారూ?"

నేను — ఇన్నాళ్ళూ అతన్ని కట్టేసిన నేను — గొంతెత్తి, హాయిగా,

"ఆయ్!"

ఎదురుగా బురద ఒడ్డు మీద, పదిహేను అడుగుల దూరంలో, మడ వేళ్ళ వెనకనించి నాలుగు తలలు లేచాయి. తలలు కాదు — నిలబడ్డాయి. వెనక కాళ్ళ మీద, ముందు చేతులు పొట్టకి ఆనించుకుని, తల్లి, దాని పక్కన వరసగా మూడు పిల్లలు. బడిలో హాజరు పిలిస్తే లేచినట్టు. అన్నీ నా వంకే. ఎవరు పిలిచారని. అప్పటి ఆయ్‌కి మునిగిపోయినవి, ఈ ఆయ్‌కి లేచాయి. ఎందుకో దేవుడికే తెలియాలి. పడమటి వెలుగు తడిసిన బొచ్చు మీద. మీసాల మీద నీటి చుక్కలు కూడా కనిపించాయి, ఎడమకంటికి.

మీట తిప్పాను. బరువుగా ఉంది. సగం దాకా వచ్చి ఆగినట్టయింది. ఇంకాస్త తిప్పాను... కదిలింది. కదిలిందా? నొక్కాను. చప్పుడైంది.

"గంగరాజూ" — ఊపిరితోనే.

అతను తిరిగేసరికి నీళ్ళ మీద వలయాలు. నాలుగు. ఒకదాంట్లోకి ఒకటి.

వలయాల వంక చూశాడు. నా వంక చూశాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియదు, అతనికేం తెలుస్తుంది. మెల్లిగా వంగి, చెక్క మీద రెండు కొట్టాడు. ఆగి, ఇంకొకటి.

జనవరి 31

మరిదిగారు కెమెరా చేతిలోకి తీసుకుని, రీలు వెనక్కి చుట్టి తీసి ఇచ్చారు. ముప్ఫయ్ ఏడోది పడిందా అని అడిగాను.

"చెప్పలేవండి వదినగారూ. రీలు నిజంగా జరిగితే పడినట్టు. జరక్కపోతే ముప్ఫయ్ ఆరు మీదే ఇదీ పడుంటుంది. రెండూ కలిసిపోతాయండి."

చిన్ని ఊరుకుందా? "అయితే రాగి తీగల మీద నిలబడ్డ నీటికుక్కలు. ఇంకా బాగుంటుందిలే అక్కా."

కానీ ఈసారి శుక్లం మాట ఎత్తలేదు. నేను చెప్తుంటే చెయ్యి నా మోకాలి మీదే ఉంచుకుంది.

ఫిబ్రవరి 1

అమలాపురం. రీలు అబ్బులుకిచ్చాను. అతను అడక్కుండానే — "పాడైనయ్యి కూడా కదండీ."

ఫిబ్రవరి 3

వెళ్ళారు. కారు ఎక్కేముందు మరిదిగారు కెమెరా పెట్టె ఒకసారి నా చేతిలో పెట్టారు. సంచిలో సర్దమనేమో అనుకుని సర్దాను. తర్వాత చిన్ని అంది, "ఉంచుకుంటావేమోనని చూశారే మొద్దూ. పైకి అనడానికి ఆయనకి మొహమాటం." అలా ఇచ్చింది ఉంచుకుంటానా? ఆయన అక్కడ ఒంటరిగా, ఆ ఎడారిలో. ఇసక మీద కూడా పొద్దు కుంకుతుంది. అది ఫొటో తీసి పంపమన్నాను.

పెట్టెలో తొడుగు, ఊకసంచి కూడా పెట్టేశాను. మస్కట్‌లో ఊక దొరకదేమో.

ఫిబ్రవరి 5

మెడ తేలిగ్గా ఉంది. అలవాటు కాలేదు.

ఫిబ్రవరి 6

ఉత్త చేతులతో పాయకి వెళ్ళాను. ఏమీ రాలేదు. గంగరాజు నాకంటే ఎక్కువ వెతికాడు. వల చూసుకోవడం మర్చిపోయి, అయిదు వేళ్ళ అడుగుల కోసం ఒడ్డంతా...

ఫిబ్రవరి 10

అబ్బులు బస్సు కండక్టరు చేత కవరు పంపాడు. లావుగా ఉంది. పిన్ను కొట్టి, పైన పెన్సిలుతో — "అమ్మగారికి. అన్నీ వేయించేనండి. పాడైనవి కూడా ఉన్నాయండి."

ఎన్ని పాడైనవో రాయలేదు.

దేవుడి దగ్గర పెట్టాను. దీపం వెలిగించాను. కూర్చున్నాను. మాల మొదలుపెట్టాను. నలభై దగ్గర లెక్క తప్పింది. ఎన్నడూ తప్పనిది.

చిన్ని పొయ్యి కట్టేసి వచ్చి పక్కన కూర్చుంది. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. ఒక్క ఎకసెక్కమూ లేదు. ఇంతలో అరుగు మీద అడుగుల చప్పుడు. బస్సు దగ్గరే కబురు తెలిసిందట, గంగరాజు తడి కాళ్ళతో గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాడు. కవరు చూశాడు. తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు, పట్టుకోమంటానేమోనని.

తల్లీ, మూడు పిల్లలూ. నాకైతే ఈ క్షణం కూడా నిలబడే ఉన్నాయి.

పిన్ను గట్టిగా ఉంది. గోరుతో రాలేదు. కుట్లు విప్పే చిన్న కత్తెర తీసుకున్నాను.

గంగరాజు గుమ్మం చెక్క మీద వేలి కణుపుతో కొట్టబోయి, ఆగిపోయి, నోటితోనే అడిగాడు.

"చూద్దావాండీ అమ్మగారూ?"

"ఆయ్" అన్నాను.